ఏళ్ల తరబడి చదువుతున్న ‘పర్సుయేషన్’

జేన్ ఆస్టెన్ ఇంగ్లీషు నవల ‘పర్సుయేషన్’ నా దగ్గర కాలేజీ రోజుల నుంచీ ఉంది. చవక ముద్రణ, అక్షరాలు మరీ చిన్నవి, అట్ట ఎప్పుడో ఊడింది. మా బరంపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు చాలామంది. తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాల్సి రావడంతో నవలంటే ఇంగ్లీషుకే మొగ్గుతారు. అలా ఈ పుస్తకం చుట్టాల ఇళ్లన్నీ తిరిగి పర్లాకిమిడి దాకా వెళ్లొచ్చింది. వెళ్లిన ప్రతిచోటా తగాదా పెట్టింది.

1806లో పంతొమ్మిదేళ్ల ఆన్ ఇలియట్‌కీ, నౌకాదళంలో పనిచేసే వెంట్‌వర్త్‌కీ పెళ్లి మాట కుదురుతుంది. అబ్బాయికి ఆస్తి లేదు. తల్లిలేని ఆన్‌కి తల్లిలాంటి లేడీ రస్సెల్ వద్దంటుంది, ఆన్ మాట వెనక్కి తీసుకుంటుంది. ఎనిమిదేళ్లకి అతను పాతిక వేల పౌండ్లతో తిరిగొస్తాడు. శత్రు నౌకను పట్టుకుంటే దాని విలువలో కెప్టెన్‌కి వాటా దక్కేది, ఆ డబ్బే ఇది. ఈలోపు ఆన్ తండ్రి అప్పులపాలై ఇల్లు అద్దెకిస్తాడు. అందులో దిగింది వెంట్‌వర్త్ సొంత అక్క!

తగాదా అంతా లేడీ రస్సెల్ గురించే. మా వదిన ఆవిడ పక్షం: “రేపు ఓడ మునిగితే పిల్ల గతేంటి? ఉన్నమాటే చెప్పింది.” వదిన కూతురికి ఆన్ మీదే కోపం: “ఇష్టమున్నప్పుడు గట్టిగా నిలబడొద్దా అత్తా?” చివర్లో ఆన్, ఆ సలహా తప్పే అయినా తాను వినడం తప్పు కాదంటుంది. మేనకోడలికి అది మింగుడుపడలేదు. నేను మాత్రం అక్కడే ఎక్కువసేపు ఆగుతాను. తాంబూలాలు పుచ్చుకున్నాక తప్పిపోయిన సంబంధాలు మన ఇళ్లల్లో మాత్రం లేవా? పెట్టిన పట్టుచీర తిరిగి పంపాలా వద్దా అని రెండు వైపులా పెద్దలు వాదించుకుంటారు, పిల్లని అడిగేవాళ్లుండరు. ఈ నవల ఆ పిల్ల పక్కనే కూర్చుంటుంది.

తొమ్మిదో అధ్యాయం చూడండి. ఆన్ మోకాళ్ల మీద కూర్చుని దెబ్బ తగిలిన పిల్లాణ్ణి చూసుకుంటుంటే, వాడి తమ్ముడు, రెండేళ్లవాడు, ఆమె వీపెక్కి మెడ పట్టుకుని వదలడు. ఉన్నట్టుండి ఎవరో ఆ చేతులు విడదీసి వాణ్ణి ఎత్తుకుపోతారు. వెంట్‌వర్త్! థాంక్స్ వినాల్సి వస్తుందని కాబోలు, వాడితో కావాలనే గోలగోలగా ఆడుతుంటాడు. అలిగిన మగాణ్ణి ఇంత బాగా రాసినవాళ్లు తక్కువ.

చివర్లో వెంట్‌వర్త్ ఆన్‌కి రాసే ప్రేమ ఉత్తరం సంగతి అందరూ చెబుతారు. నాకు అంతకు ముందు క్షణం ఇష్టం. ఎవరి ప్రేమ ఎక్కువకాలం నిలుస్తుందని ఆన్, వెంట్‌వర్త్ స్నేహితుడు కెప్టెన్ హార్విల్ మాట్లాడుకుంటుంటే, దగ్గర్లో రాసుకుంటున్న వెంట్‌వర్త్ కలం జారి కింద పడుతుంది. ఆస్టెన్ మొదట రాసిన ముగింపులో ఈ ఘట్టమే లేదు, 1816లో తిరగరాసింది. కొట్టేసిన అధ్యాయాల చేతిరాత బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పుస్తకం అచ్చయింది 1817 డిసెంబరులో, ఆమె పోయిన ఐదు నెలలకి.

లోపాలూ ఉన్నాయి. ఆన్ పాత స్నేహితురాలు మిసెస్ స్మిత్ వచ్చి, ఆన్‌ని పెళ్లాడాలని చూసే చుట్టం మిస్టర్ ఇలియట్ గుట్టు విప్పే అధ్యాయం ఒట్టి సాగదీత. వెంట్‌వర్త్ చనువుగా తిరిగిన లూయిసా, లైమ్ అనే సముద్రతీరపు ఊళ్లో మెట్ల మీంచి దూకి పడటం, అతని స్నేహితుడు బెన్‌విక్‌కి ఆమెతో పెళ్లి కుదరడం రచయిత్రికి బాగా కలిసొచ్చాయి. ఆన్ చెల్లెలు మేరీ ఒంట్లో బాగోలేదంటూ తీసే రాగాలకి మాత్రం ఎప్పుడు చదివినా నవ్వొస్తుంది.

ఏడో అధ్యాయంలో వెంట్‌వర్త్ కనిపించేదాకా కాస్త ఓపిక పట్టాలి. పుస్తకం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటిసారైతే మాత్రం నోట్స్ ఉన్న ప్రతి కొనుక్కోండి. వంశపారంపర్య బిరుదున్న బారోనెట్ ఎవరు, నౌకాదళంలో పెద్ద అధికారి అడ్మిరల్ ఎవరు అన్నది తెలియకపోతే ఆన్ తండ్రి బడాయి సగం అర్థం కాదు.