నెల్లూరు నుంచి గుండ్లకమ్మ దాకా: పాప విమానం ఎక్కేముందు చేసిన యాత్ర

క్రిస్మస్ అయిపోయి సంక్రాంతి ఇంకా రాని ఆ మధ్య రోజులు నెల్లూరు, ఒంగోలు వైపు తిరగడానికి చాలా బాగుంటాయి. ఎండ చురుక్కుమనదు, చర్చీల మీద నక్షత్రాలు ఇంకా దించరు, లాడ్జీల్లో పెళ్లి జనం ఉండరు. మేము ముగ్గురం ఆడవాళ్లం వెళ్లాం: నేను, మా అత్తమ్మ, మా పాప. పాప నర్సింగ్ పూర్తి చేసింది. జర్మన్ భాష పరీక్ష పాసైంది, ఫిబ్రవరిలో అక్కడి ఆసుపత్రిలో చేరాలి. వీసా వచ్చిన రోజు ఇంట్లో అందరం కూర్చుని స్తుతి ప్రార్థన చేసుకున్నాం. ఆ రాత్రి నుంచే నాకు నిద్ర సరిగ్గా పట్టడం మానేసింది. అక్కడ చలికి ఎట్టా తట్టుకుంటుందో, డ్యూటీలో పేషెంట్ చెప్పింది అర్థం కాకపోతే ఏం చేస్తుందో, ఒంట్లో బాగాలేకపోతే తలుపు తట్టేవాళ్లెవరో! పాపకీ టెన్షన్ ఉంది, కాకపోతే బయటికి చెప్పదు. "వెళ్లేముందు మన పెద్దవాళ్లు నడిచిన చోట్లు ఒకసారి చూపించు మే" అని అత్తమ్మ అనడంతో బయల్దేరాం.

మొదట నెల్లూరు. క్రైస్తవం బోధించడానికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లలో శామ్యూల్ డే 1840లో ఇక్కడ మకాం పెట్టాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఖర్చు దండగ, నెల్లూరు మూసేద్దామని అమెరికాలో మిషన్ పెద్దలు ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అనుకున్నారు. 1853లో అక్కడి సభలో మ్యాప్ మీద బర్మా నిండా మిషన్ కేంద్రాల గుర్తులున్నాయి. తెలుగు దేశంలో మాత్రం నెల్లూరు ఒక్కటే చుక్క. లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం, అనే పేరు అప్పుడు వచ్చింది. ఊళ్లో చర్చి ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. మేము మామూలు రోజున వెళ్లాం కాబట్టి లోపల ఎవరూ లేరు, వాచ్‌మన్ తలుపు తీసి కూర్చోనిచ్చాడు. మీకు వీలైతే ఆదివారం ఆరాధనకే వెళ్లండి. ఖాళీ హాలు చూసి రావడం వేరు, వందల గొంతులు ఒక్కసారిగా పాడుతుంటే మధ్యలో నిలబడడం వేరు.

నెల్లూరులో బసకు ఇబ్బంది లేదు. ట్రంకు రోడ్డు చుట్టుపక్కల అన్ని రేట్లలోనూ లాడ్జీలున్నాయి. మాకు దొరికింది చిన్న గది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు తెల్లవారుజామున అడిగినా వచ్చాయి, లిఫ్ట్ ఉంది. పెద్దవాళ్లతో వెళ్లేవారు లిఫ్ట్ సంగతి ముందే ఫోన్‌లో అడగాలి. భోజనానికి చేపల పులుసు తిన్నాం. నిన్న చేసినదైతే ఇంకా బాగుంటుందని సర్వర్ కుర్రాడే చెప్పి, నిన్నటిదే తెచ్చి పెట్టాడు. చింతపులుపు, మామిడికాయ ముక్క బాగా పట్టిన పులుసు. జర్మనీలో ఇది దొరకదు కదా అని పాప రెండోసారి వడ్డించుకుంది.

నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు. రైలైతే రెండు గంటల లోపే, ఖర్చూ తక్కువ. కానీ దారిలో రామాయపట్నం చూడాలనుకుంటే కారు తప్పదు. మేము కారే మాట్లాడుకున్నాం. డ్రైవర్ నెమ్మదస్తుడు, అత్తమ్మ మోకాళ్లు పట్టేసినప్పుడల్లా అడగకుండానే ఆపేవాడు. రామాయపట్నంలో 1870లలో క్రైస్తవ బోధకుల కోసం బైబిలు చెప్పే వేదపాఠశాల మొదలైంది. తెలుగు ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇక్కడ చదువుకుని తిరిగి తమ పల్లెలకే వెళ్లారు. ఇప్పుడా వైపు పోర్టు పనుల హడావిడి, లారీల దుమ్ము. చరిత్ర మీద బాగా ఆసక్తి ఉన్నవాళ్లే అటు తిరగండి. చిన్నపిల్లలతో అయితే వద్దు. హైవే మీద ఉలవపాడు దగ్గర సపోటాలు మాత్రం కొనకుండా రావద్దు.

ఒంగోల్లో బస మమ్మల్ని బాగా ఏడిపించింది. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జి బుక్ చేశాం. తీరా వెళ్తే ఆ గది వేరేవాళ్లకిచ్చేశామన్నారు, జనరేటర్ పక్క గది ఇచ్చారు. బాత్‌రూమ్ కుళాయి రాత్రంతా కారుతూనే ఉంది. డబ్బు వెనక్కి అడిగితే యాప్‌లో మాట్లాడుకోమన్నారు. అర్ధరాత్రి ముసలామెను తీసుకుని ఎక్కడికి పోతాం? మర్నాడు స్టేషన్ వైపు ఇంకో చోటికి మారాం. అక్కడ గది చూపించాకే డబ్బు తీసుకున్నారు. ఒంగోల్లో నేరుగా వెళ్లి గది చూసి దిగడమే మేలు.

ఆ జనరేటర్ మోతలో నిద్ర రాక పాప మొదటిసారి నోరు విప్పింది. "అమ్మా, అక్కడ ఇట్టా ఏదన్నా అయితే నేనెవరికి చెప్పుకోవాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. దేవుడున్నాడమ్మా అని పైపైన అనేయడానికి మనసొప్పలేదు. అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని, అబ్రాహాము గురించి హెబ్రీ పత్రికలో ఉన్న మాట నెమ్మదిగా చెప్పింది: "ఎక్కడికి వెళ్లవలెనో అది ఎరుగక బయలువెళ్లెను." ఆయనకు ఊరి పేరు కూడా తెలీదు, నీకు కనీసం ఆసుపత్రి పేరు తెలుసు కదమ్మా అంది. పాప నవ్వింది. భయం పోలేదు గానీ ఆ రాత్రి మాట్లాడుకోగలిగాం.

పొద్దున్నే ప్రార్థన కొండకు వెళ్లాం. పెద్ద కొండేమీ కాదు, ఊరు చుట్టూ పెరిగిపోయింది. కింద దాకా ఆటో వెళ్తుంది, పైకి నడవాలి. చెప్పులు గట్టివి వేసుకోండి, నీళ్లు మీరే తీసుకెళ్లండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఇక్కడికి ఎక్కారు. నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వాళ్లతో ఒక తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో.

"పన్నెండేళ్లు! ఈలోగా వీళ్లేం చేశారమ్మా?" అని పాప అడిగింది. నేను చదివినంతలో చెప్పాను. కొండ దిగి నెల్లూరు వెళ్లారు, బడి నడిపారు, ఊళ్లు తిరిగారు. జ్యూయెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్తే అక్కడ మళ్లీ నెల్లూరు మూసేద్దామన్న మాటే వచ్చింది. మీరు పంపకపోతే నేనొక్కణ్ణే వెళ్లి అక్కడే చచ్చిపోతానన్నాడు. సరే, నిన్ను పాతిపెట్టడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి అన్నారట. ఆ తోడుగా వచ్చినవాడే క్లౌ. పాప చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ముందు ఏమవుతుందో వీళ్లకీ చెప్పలేదు దేవుడు" అంది. నాకు ఆ మాటే ఈ యాత్రలో దొరికిన పెద్ద ఊరట. విశ్వాసం ఉంటే ముందు దారంతా కనబడుతుందని నేనెప్పటినుంచో అనుకుంటూ, కనబడక నన్ను నేను నిందించుకుంటున్నాను. దారి కనబడని వాళ్లే పొద్దున్నే లేచి ఆ రోజు పని చేశారు.

కింద జ్యూయెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చి తప్పక చూడండి. ఊరి మధ్యలోనే ఉంది, ఏ ఆటో అయినా తీసుకెళ్తుంది. మధ్యాహ్నం అల్లూరయ్య మైసూర్‌పాక్ కొనుక్కుని, కొత్తపట్నం సముద్రానికి వెళ్లే దారిలో బకింగ్‌హామ్ కాలువ దగ్గర ఆగాం. చూడ్డానికి అక్కడేమీ లేదు. పూడిక, గడ్డి, నిలవనీరు. అత్తమ్మ మాత్రం కారు దిగి కొంగు తల మీద కప్పుకుని నిలబడింది. 1876-78 కరువులో జనం ఆకలితో చచ్చిపోతుంటే, క్లౌ ఈ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కుర్రతనంలో సర్వేయరుగా పనిచేసిన మనిషి కనుక లెక్కలు తెలుసు. పొదిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ మట్టి మోసినవాళ్లలో మా అత్తమ్మ పూర్వీకులున్నారు. ఆ సంగతి ఆమె వాళ్ల నాయనమ్మ నోట విన్నది.

చివరిది వెల్లంపల్లి. ఒంగోలు నుంచి మేదరమెట్ల వెళ్లే హైవే మీద, గుండ్లకమ్మ ఒడ్డున. కాలువ పని నడుస్తున్నంత కాలం, తిండి కోసం మతం పుచ్చుకుంటున్నారన్న మాట రాకూడదని 15 నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని అయిపోయి, ఇక డబ్బులు లేవని చెప్పాక కూడా జనం వచ్చారు. మా చేతుల బొబ్బలతో బతికాం, మాకు సాయం వద్దు, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. 1878 జూలై 3న ఈ నదిలో 2,222 మందికి ఇచ్చారు. క్లౌ ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మారుతూ ఇచ్చారు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ దొరల ధైర్యం గురించే చెబుతారు. నాకు ఆ ఒడ్డున నిలబడితే వేరేవాళ్లు గుర్తొచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. క్లౌ రాకముందే తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య తన వాళ్ల మధ్య క్రీస్తు మాట చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లు జాతరలో డప్పు కొట్టం, ఆదివారం పని చేయం అంటే ఊరి పెద్దలు ఊరుకుంటారా? రేపు కూలికి పిలుస్తారో లేదో, నీళ్లు తోడుకోనిస్తారో లేదో తెలియకుండా తడిబట్టలతో ఇళ్లకు నడిచినవాళ్లు వాళ్లు. జ్యూయెట్‌కు వెనక్కి వెళ్లడానికి ఓడ ఉంది. వీళ్లకు ఆ ఊరే. ఒంటరిగా మాత్రం వెళ్లలేదు. ఇంటిల్లిపాదీ, వాడకు వాడ కలిసి వెళ్లారు.

మేము ముగ్గురం అక్కడే ప్రార్థన చేసుకున్నాం. అంతా బాగుండాలి ప్రభువా, ఏమీ కాకూడదు ప్రభువా అని ఇన్నాళ్లూ అడిగినట్టు అడగలేకపోయాను. పాపకు అక్కడ కలిసి ప్రార్థించే నలుగుర్ని చూపించమని అడిగాను. తిరుగు దారిలో పాప తన బ్యాచ్‌లో జర్మనీలో తను వెళ్లే రాష్ట్రానికే వెళ్తున్న కేరళ అమ్మాయికి ఫోన్ చేసి, ఇద్దరం ఒకే చోట గది వెతుక్కుందామా అని అడిగింది. అన్ని రోజులుగా అడగడానికి మొహమాటపడుతున్న మాట అది.

వెల్లంపల్లి వెళ్లేవారికి ఒక సంగతి. నది దగ్గరికి దారి తెలియకపోతే ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, మాకు ఒక రైతు తన పని ఆపుకుని దగ్గరుండి చూపించాడు. వానాకాలంలో ఒడ్డు జారుతుంది, పిల్లల్ని నీళ్లలోకి దించకండి. టీ దుకాణాలు హైవే మీదే, ఒడ్డున ఏమీ దొరకదు. ఒక్క రోజే వీలున్నవాళ్లు నెల్లూరు వదిలేసి, పొద్దున్నే ప్రార్థన కొండ, తర్వాత చర్చి, ఎండ తగ్గాక వెల్లంపల్లి చూసుకుని రాత్రి రైలెక్కవచ్చు.