కొండ దారికి చిన్న గేరు: నాలుగేళ్లు తొక్కి చూశాక

విశాఖపట్నంలో సైకిలు తొక్కేవాళ్లు బీచ్ రోడ్డుతో ఎక్కువ కాలం సరిపెట్టుకోలేరు. కైలాసగిరి, సింహాచలం కొండ రెండూ ఊళ్లోనే ఉన్నాయి. ఆ రెండూ కాస్త అలవాటు కాగానే మనసు ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి అరకు ఘాట్ మీదకు పోతుంది. ఐదేళ్ల కిందట నేను కొన్న రోడ్ బైకుకు ముందు పెడళ్ల దగ్గర 50, 34 పళ్ల చైన్‌రింగులు (చైను తిరిగే పళ్ల చక్రాలు), వెనక చక్రానికి 11 నుంచి 28 పళ్ల దాకా ఎనిమిది స్ప్రాకెట్ల (చిన్నాపెద్దా పళ్ల చక్రాల) గుత్తి, అంటే క్యాసెట్, ఉండేవి. దాంతో ఏడాది పాటు కొండలెక్కి, మోకాళ్లు మొరాయించిన తరువాత గేర్లు మార్చుకున్నాను. ఇప్పుడు ముందు 46, 30, వెనక 11 నుంచి 34 పళ్లు. ముందు పళ్లు తగ్గి, వెనక పెరిగే కొద్దీ తొక్కడం తేలికవుతుంది, చిన్న గేరు అంటే అదే. ఈ అమరికతో నాలుగేళ్లు గడిచాయి కనుక, దీని మంచిచెడ్డలు ఇప్పుడు రాయడం న్యాయమనిపించింది.

పాత గేర్లతో అరకు వెళ్లిన మొదటిసారి టైడా వరకు ఎలాగో నెట్టుకొచ్చాను. ఆ ఘాట్ రోడ్డు ఎక్కడా గోడలా నిలబడదు, కానీ ఎక్కడా వదలదు కూడా, ఎస్.కోట మైదానం నుంచి వెయ్యి మీటర్లు దాటిన అనంతగిరి దాకా ఎక్కుతూనే ఉండాలి. డముకు వ్యూ పాయింట్ చేరేసరికి ఒక్కో పెడలును ఒళ్లంతా వేసి తొక్కితే తప్ప కిందికి దిగడం లేదు. గేరు మారుద్దామని లివరు నొక్కితే అది కదల్లేదు, ఎందుకంటే అప్పటికే ఆఖరి గేరులో ఉన్నాను. ఆ సంగతి తెలిసి కూడా మలుపు మలుపుకూ లివరు నొక్కి చూడటం మానలేదు. చివరికి దిగి, కిలోమీటరుకు పైగా సైకిలును తోసుకుంటూ నడిచాను. ఆయాసం గంటలో తగ్గింది గానీ, మోకాలి చిప్ప కింద మొదలైన నొప్పి మెట్లు దిగినప్పుడల్లా మూడు వారాలు పలకరించింది.

తప్పు నా కాళ్లదా, గేరుదా అని ఆ తరువాత తీరిగ్గా లెక్క వేశాను. నా బరువు, సైకిలు, నీళ్లు, సంచి కలిపితే 88 కిలోలు. వంద మీటర్లకు ఎనిమిది మీటర్లు ఎక్కే వాలు మీద, 34 పళ్ల చైన్‌రింగును 28 పళ్ల స్ప్రాకెట్‌తో జతచేసి నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పాలంటే గంటకు 9 కిలోమీటర్లకు పైగా వేగం ఉండాలి. అంత వేగానికి సుమారు 200 వాట్ల శక్తి కావాలి. నేను గంటసేపు నిలకడగా ఇవ్వగలిగింది 150 వాట్ల దగ్గర ఆగిపోతుంది. ఆ 150తోనే ఎక్కుదామంటే వేగం ఏడుకు పడుతుంది, పెడళ్లు నిమిషానికి 45 సార్లే తిరుగుతాయి. అదే పనిని 30, 34 జతతో చేస్తే 62, 63 సార్లు తిరుగుతాయి. వేగం అంతే, ఖర్చయ్యే శక్తి అంతే. కానీ పాత గేరులో ప్రతి తొక్కుకూ దాదాపు 40 శాతం ఎక్కువ బలం పెట్టాలి. ఆ అదనపు భారం మోసేది ఊపిరితిత్తులు కాదు, మోకాళ్లు. కొండెక్కే గేరు వేగాన్ని పెంచుతుందని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. అది ఉన్న శక్తిని కాళ్లు భరించే ముక్కలుగా పంచిపెడుతుంది, అంతే.

మార్పు రెండు దఫాలుగా జరిగింది, మొదటి దఫా పాడుచేసుకున్నాను. క్యాసెట్ ఒక్కటి మారిస్తే చాలనుకుని 34 పళ్లది కొని, దగ్గరలోని షాపులో బిగించమని ఇచ్చాను. పెద్ద స్ప్రాకెట్ చుట్టూ తిరగడానికి చైను పొడవు చాలదన్న సంగతి అక్కడ ఎవరూ చూడలేదు, నాకూ తట్టలేదు. మర్నాడు పొద్దున్నే హనుమంతవాక వైపు వెళ్తూ ముందు పెద్ద చైన్‌రింగులో ఉండగానే వెనక కూడా పెద్దదానికి మార్చాను. చైను తీగలా బిగుసుకుంది, చైనును ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపే డీరైలర్ ముందుకు సాగిపోయి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోయింది. గేర్ల సైకిలు కొన్నవాళ్లు ఇంట్లో అదనంగా ఒక హ్యాంగర్ ఎందుకు ఉంచుకోవాలో ఆ ఉదయం అర్థమైంది.

పొరపాటు చైనుతోనే ఆగలేదు. ముందు చైన్‌రింగుల మధ్య తేడా, వెనక స్ప్రాకెట్ల మధ్య తేడా కలిపితే వచ్చే అంకె ఎంతో, అంత వదులు చైనును డీరైలర్ లాగి పట్టుకోగలగాలి. నా పాత అమరికలో అది 16, 17 కలిపి 33; కొత్తదానిలో 16, 23 కలిపి 39. పొట్టి కేజ్ (వదులు చైనును లాగి పట్టే కింది చట్రం) ఉన్న డీరైలర్‌కు ఈ పని చేతకాదు. పొడవు కేజ్ డీరైలర్, సరైన పొడవు చైను వేయించాక గానీ బండి దారికి రాలేదు.

ఈ దశలో నా చిన్న గేరు 34కు 34, అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే. కైలాసగిరికి ఇది చాలింది. అరకుకు, అందులోనూ సంచి తగిలించుకుని వెళ్లినప్పుడు, ఇంకా కొంచెం తక్కువైంది. అందుకే ఆరు నెలల తరువాత 46, 30 పళ్ల చైన్‌రింగులున్న క్రాంక్ (పెడళ్లు బిగించే చేతుల సెట్టు) వేయించాను. ముందు డీరైలర్‌ను సీటు గొట్టం మీద కాస్త కిందికి జరపాలి. నాది పట్టీతో బిగించే రకం కనుక ఇబ్బంది లేకపోయింది. ఫ్రేముకు స్థిరంగా అతికించిన కొక్కెం ఉన్నవాళ్లు మాత్రం అది ఎంత కిందికి దిగుతుందో ముందే కొలిచి చూసుకోవాలి.

ఆ తరువాత అదే ఘాట్ రోడ్డు వేరేగా కనిపించింది. ఎడమకు తిరిగే మలుపుల్లో మన వైపున్న లోపలి అంచు బాగా నిటారుగా ఉంటుంది. ఇదివరకు అక్కడికి ముందే ఊపు తెచ్చుకుని, పెడళ్ల మీద లేచి నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు వెనక వాహనం లేనప్పుడు అర మీటరు వెలుపలికి జరిగి, సీటు మీద కూర్చునే గేరు ఒకటి తగ్గించి దాటేస్తున్నాను. కూర్చుని ఎక్కితే వెనక చక్రం తడి ఆకుల మీద జారదు కూడా. తొలకరి తరువాత ఆ అడవి దారిలో ఇది చిన్న విషయం కాదు. డముకు దగ్గర ఆగడం ఇప్పటికీ ఉంది, కానీ లోయ చూడటానికి. గాలికొండ దాటి సుంకరమెట్టలో కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు చేతులు వణకడం లేదు.

లోపాలు లేకపోలేదు. వెనక 26 పళ్ల తరువాత మా క్యాసెట్‌లో నేరుగా 34 వస్తుంది. మధ్యలో ఇంకేమీ లేదు. వాలు మధ్యస్థంగా ఉన్నచోట ఒకటి బరువుగా, ఇంకొకటి గాలిలో తొక్కినట్టుగా తోస్తాయి. నాలుగేళ్లలో నేను దీనికి అలవాటుపడలేదు, సర్దుకున్నాను. తొమ్మిది స్ప్రాకెట్ల వాటిలో 26కు 34కు నడుమ 30 ఉంటుంది. కొత్తగా కొనేవాళ్లు ఆ వైపు చూడటం మేలు. ఊళ్లో ట్రాఫిక్‌లో ముందు గేర్లు తరచుగా మార్చాల్సి రావడం రెండో చిక్కు: 30 మరీ తేలిక, 46 కొంచెం బరువు. ఒకసారి పెద్దదాని నుంచి చిన్నదానికి మారుతుండగా చైను లోపలికి జారి ఫ్రేముకు గీత పడింది. డీరైలర్ స్క్రూ పావు చుట్టు తిప్పాక మళ్లీ జరగలేదు. చదును మీద వేగం పోతుందేమోనన్న భయం మాత్రం అనవసరం. 46కు 11 గేరులో నిమిషానికి 90 సార్లు తొక్కితే ఇంకా గంటకు 48 కిలోమీటర్లు వస్తుంది. నేను ఆ వేగాన్ని కొండ దిగేటప్పుడు తప్ప చూడలేదు, అప్పుడు తొక్కే అవసరమే లేదు.

ఇంతకన్నా చిన్న గేరు వేసుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. సామాను బాగా మోసేవాళ్లకు అవసరమే. కానీ గంటకు ఐదు కిలోమీటర్ల కన్నా వేగం తగ్గితే నాకు హ్యాండిల్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, పక్కనుంచి బస్సు వెళ్తుంటే అది మంచిది కాదు. పైగా ఆ వేగంలో ఒంటికి గాలి తగలదు. మార్చి దాటాక ఉదయం ఎనిమిదికే చొక్కా పిండుకునే మన ఉక్కపోతలో, గేరు ఎంత చిన్నదైనా రెండు సీసాల నీళ్లు లేకుండా ఘాట్ ఎక్కకూడదు.

చిన్న గేరు అంటే చిన్నతనంగా భావించేవాళ్లు మాతో తొక్కేవాళ్లలో ఇంకా ఉన్నారు. 1937 దాకా టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలోనే డీరైలర్లు వాడనివ్వలేదు. ఈ పట్టింపు ఈనాటిది కాదు. వాళ్లలో ఒకాయన ఈ మధ్య సింహాచలం కొండ దిగాక నా క్యాసెట్ దగ్గర వంగి పళ్లు లెక్కపెట్టి, ‘ఇది నా డీరైలర్‌కు పడుతుందాండీ?’ అని అడిగారు. కేజ్ పొడవు చూసి పడదనే చెప్పాను.