జాగ్రత్త: ‘2 రోజుల పక్షుల ఫొటోగ్రఫీ క్యాంప్’ అని కట్టే డబ్బుకి దక్కేది నాలుగుంపావు గంటల వెలుతురే

ఈ చలికాలం నేలపట్టు పక్షుల అభయారణ్యం, పులికాట్ సరస్సు వైపు ‘నేచర్ ఫొటోగ్రఫీ నేర్పిస్తాం’ అంటూ హైదరాబాద్ నుంచి వారాంతపు క్యాంపులు అమ్ముతున్నారు. బస్సు, హోటల్, భోజనం, ఫీల్డ్‌లో శిక్షణ, చివర్లో ఒక సర్టిఫికెట్. అడ్వాన్స్ కొట్టేముందు ఇది ఒకసారి చదవండి. డబ్బు ఎక్కడ పోతోందో, ఎందుకు పోతోందో అన్నీ ఒకచోట చేర్చి పెడుతున్నాం. నిర్వాహకుల పేరు రాయడం లేదు. పేరు తెలిసినా పెద్ద లాభం లేదు, పద్ధతి తెలిస్తే చాలు.

ముందు కాగితం మీద లెక్క వేయండి. శుక్రవారం రాత్రి 10కి బస్సు ఎక్కిస్తారు. అక్కడికి దగ్గరి ఊరు సూళ్లూరుపేట, హైదరాబాద్ నుంచి సుమారు 550 కిలోమీటర్లు. మధ్యలో టీలు, టిఫిన్లు పోను చేరేసరికి శనివారం ఉదయం 9 దాటుతుంది. డిసెంబరు చివర, జనవరిలో అక్కడ పొద్దు పొడిచేది ఆరున్నర ప్రాంతంలో. పక్షులకు పనికొచ్చే వాలు వెలుతురు తొమ్మిదింటి వరకే. అంటే రెండు పొద్దుల్లో ఒకటి బస్సు కిటికీలోనే తెల్లారిపోయింది. తర్వాత గదులు, స్నానాలు, హోటల్ డైనింగ్ హాల్లో 40 నిమిషాల స్లైడ్ షో, భోజనం. సాయంత్రం 4 నుంచి పావు తక్కువ 6 వరకు చెరువు గట్టు. ఆదివారం ఆరున్నర నుంచి 9. సోమవారం ఆఫీసులున్నాయి కాబట్టి 11కల్లా తిరుగు బస్సు. మొత్తం నాలుగుంపావు గంటలు. 22 మందికి ఒక్క మాస్టారు అయితే మనిషికి దక్కేది 11 నిమిషాలు, అదీ ఆయన మధ్యలో తన ఫొటోలు తాను తీసుకోకుండా ఉంటే. పెద్ద లెన్స్ భుజాన ఉన్న మాస్టారు తీసుకోకుండా ఉండటం కష్టం.

నిజంగా నేర్పాలనుకున్నవాళ్లు ఈ టైంటేబుల్ వేయరు. గూడూరు మీదుగా చెన్నై వెళ్లే సాయంత్రం రైలు పట్టుకుని తెల్లవారకముందే ఆ ప్రాంతంలో దింపుతారు. లేదా అందరినీ ముందు రోజే రమ్మంటారు. బస్సు రాత్రి 10కి అని చూస్తే అది టూరు, కోర్సు కాదు. టూరుకి టూరు ధర కట్టండి, తప్పు లేదు.

9 తర్వాత తీస్తే ఏమవుతుందని అడిగేవాళ్లకు: పులికాట్‌లో దిగండి, తెలుస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మీదుగానే పోతుంది. రాజహంసలు (ఫ్లెమింగోలు) రోడ్డుకి అల్లంత దూరంలో, మోకాలి లోతు నీళ్లలో మేస్తుంటాయి. ఎండ ఎక్కేకొద్దీ బురద నేల వేడెక్కి, దాని మీది గాలి అలలు అలలుగా కదులుతుంది. ఎండాకాలం తారురోడ్డు మీద నీళ్లున్నట్టు కనిపిస్తుందే, అదే. 600 ఎంఎం లెన్స్ ఆ కదిలే గాలిని కూడా దగ్గరికి లాగి చూపిస్తుంది. పక్షి కాళ్లు వంకర్లు పోతాయి, కన్ను ముద్దవుతుంది. షట్టర్ స్పీడ్ పెంచినా, ట్రైపాడ్ పెట్టినా, లక్షల లెన్స్ తగిలించినా పోదు. ‘మీ లెన్స్ షార్ప్‌గా లేదు, ఫలానాది కొనండి, మా దగ్గర డిస్కౌంట్ ఉంది’ అని అక్కడే అమ్మకానికి దిగేవాళ్లున్నారు. చెడింది లెన్స్ కాదు, తీసుకెళ్లిన వేళ.

‘రాజహంసలు గ్యారంటీ’ అనే మాట దగ్గర ఇంకో లెక్క ఉంది. ఇది ఈశాన్య రుతుపవనాల మీద బతికే సరస్సు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు దంచితే నీటిమట్టం పెరుగుతుంది. లోతు పెరిగితే రాజహంసలకు మేతకు వీలుండదు, చెదిరిపోతాయి, నీళ్లు తీశాక మళ్లీ వస్తాయి. అందుకే తేదీ చూసి కాదు, నీళ్లు చూసి వెళ్లాలి. ఏ వారం నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పలేని నిర్వాహకుడు జూన్‌లోనే జనవరి బ్యాచ్‌కి అడ్వాన్సులు తీసుకుంటున్నాడంటే ఆయనకు పులికాట్ తెలియదు.

నేలపట్టు సంగతి వేరు. 458 హెక్టార్ల చిన్న అభయారణ్యం, 1976 నుంచీ ఉంది. చెరువు నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. పక్షులు ఎక్కడికీ పోవు, గట్టు మీద నుంచే కనిపిస్తాయి. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి బడి దొరకదు. అలాంటి చోటికి తీసుకెళ్లి అందరినీ ‘ఏపర్చర్ ప్రయారిటీ, ఎఫ్/8, ఐఎస్‌ఓ 400’ పెట్టుకోమని వదిలేస్తారు. అంటే లెన్స్ ఎంత తెరుచుకోవాలో (ఎఫ్/8), కెమెరా వెలుతురుకి ఎంత స్పందించాలో (ఐఎస్‌ఓ) మనం పెడితే, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో కెమెరానే లెక్క వేసుకుంటుంది. ఆరూ నలభైకి ఆ సెట్టింగ్‌తో షట్టర్ 1/100 దగ్గరికి పడిపోతుంది. రెక్క విప్పిన గూడబాతు ఆ స్పీడుకి మబ్బుతునకలా వస్తుంది.

అక్కడ నేర్పాల్సింది ఇది. తెల్లటి పక్షి ముదురాకుపచ్చ కొమ్మ మీద కూర్చుంటే, కెమెరా ఆ చీకటి ఆకుల్ని చూసి వెలుతురు పెంచేస్తుంది, ఈకల గీతలన్నీ తెల్లగా కాలిపోతాయి. ఎక్స్‌పోజర్ 0.7 నుంచి 1 స్టాప్ తగ్గించాలి (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది, పెంచితే రెట్టింపవుతుంది). అదే పక్షి లేచి పొగమంచు ఆకాశంలోకి వచ్చిందా, ఈసారి కెమెరా ఆకాశాన్ని చూసి వెలుతురు తగ్గిస్తుంది, పక్షి బూడిద రంగులోకి దిగుతుంది. ఇప్పుడు 1 స్టాప్ పెంచాలి. చెట్టు మీద నుంచి ఆకాశంలోకి రావడానికి దానికి పట్టేది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో డయల్ తిప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే మాన్యువల్, అంటే సెట్టింగులన్నీ మనమే పెట్టుకునే పద్ధతి. ఏడున్నర, 8 మధ్య ఎండ స్థిరపడ్డాక ఎఫ్/6.3, 1/2000, ఐఎస్‌ఓ 640–800 దగ్గర మొదలుపెట్టి, కూర్చున్న పక్షి మీద ఒక ఫొటో తీసి, హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) కుడి గోడకి తగలకుండా సరిచేసుకోవాలి. ఆ తర్వాత వెనక చెట్టున్నా ఆకాశమున్నా పక్షి మీద పడే ఎండ ఒకటే కాబట్టి సెట్టింగ్ ముట్టుకోనక్కర్లేదు. మబ్బు అడ్డొస్తేనే మళ్లీ చూసుకోవాలి. ఈ ఒక్క ముక్క ఒక పొద్దులో చేతికి ఎక్కిస్తే కట్టిన డబ్బు దక్కినట్టే. దీన్ని 22 మందిలో ప్రతి ఒక్కరి కెమెరా తెర మీదా చూసి చెప్పాలంటే అయ్యే పని కాదు. ఆరుగురికి ఒకరు చొప్పున ఉండాలి.

‘గూడు క్లోజప్‌లు’, ‘డ్రోన్ షాట్లు’ అని ప్రకటనలో ఉంటే అక్కడితో ఆపేయండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో వేట అనే మాటకి ఇచ్చిన అర్థంలోనే పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా ఉంది. కేసు పడితే కెమెరా పట్టుకున్నవాళ్ల మీద కూడా పడుతుంది, ‘మాస్టారు చెప్పారు’ అంటే వినరు. పిల్లలున్న గూటికి దగ్గరగా వెళ్తే తల్లి లేచిపోతుంది, ఆ కాసేపట్లో కాకో గద్దో పని కానిస్తుంది. ఇక డ్రోన్. అభయారణ్యం మీద అటవీశాఖ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. పులికాట్ రోడ్డు చివర ఉన్నది షార్, రాకెట్లు లేచే చోటు. డ్రోన్ తీయడానికి దేశంలో ఇంతకంటే చెడ్డ జాగా వెతికినా దొరకదు.

స్పీకర్‌లో కూతలు వినిపించి పక్షిని రప్పించడం, టబ్బులో బతికున్న చేపపిల్లలు వేసి లకుముకిపిట్టను దించడం కూడా ‘ఫీల్డ్‌క్రాఫ్ట్’ పేరుతో అమ్ముతున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల మాక్రో (పురుగుల క్లోజప్) ట్రిప్పుల్లో అయితే ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చిన పురుగుల మీద గ్లిజరిన్ నీళ్లు కొట్టి ‘మంచు బిందువులు’ అంటారు. డిసెంబరులో ఆ అవసరమే లేదు. సూర్యోదయానికి ముందు గడ్డి మీద తూనీగలు చలికి బిగుసుకుని, ఒళ్లంతా నిజం మంచుతోనే ఉంటాయి. గాలి లేకపోతే ట్రైపాడ్ మీద పావు సెకను షట్టర్‌కి కూడా నిలుస్తాయి. అబద్ధపు బొట్టుని గుర్తుపట్టడం తేలిక: అసలు మంచు సన్నగా, ఒళ్లంతా సమంగా పడుతుంది. స్ప్రే బొట్లు లావుగా, అక్కడక్కడా ఉంటాయి.

కొల్లేరు వైపు, కైకలూరు దగ్గరి ఆటపాకకి తీసుకెళ్లే ప్యాకేజీల్లో ‘పడవలో ట్రైపాడ్‌తో షూటింగ్’ అని రాస్తే నవ్వుకోండి. పడవ అదురంతా ట్రైపాడ్ కాళ్ల మీదుగా లెన్స్‌లోకే ఎక్కుతుంది. పడవలో కెమెరా చేతుల్లోనే ఉండాలి, మోచేతులు ఒంటికి ఆనించి.

లంబసింగి, వంజంగి మబ్బుల ట్రిప్పుల్లో మోసం తక్కువ, నిర్లక్ష్యం ఎక్కువ. చలికి బ్యాటరీ సగానికే చేతులెత్తేస్తుందని ముందు చెప్పరు. రెండోది జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోవాలి. మంచులో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, సింగిల్ ఫోకస్ పాయింట్‌ని చెట్టు అంచు మీదో కొండ గీత మీదో పెట్టాలి. ఎక్స్‌పోజర్ 0.7 నుంచి 1 వరకు పెంచాలి, లేకపోతే తెల్లటి మంచు సిమెంటు రంగులో వస్తుంది.

తీరం వైపు వెళ్తే తిప్పలు చలితో కాదు, తేమతో. హోటల్ గదిలో ఏసీ 20లో పెట్టుకుని కెమెరా బల్ల మీద వదిలేసి, తెల్లారి నేరుగా చెరువు గట్టుకి వస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. లోపలి అద్దాల మీద కూడా పడితే అరగంట పైనే వృథా. చొక్కా కొసతో తుడవడం అసలే వద్దు. బయల్దేరడానికి 40 నిమిషాల ముందు బ్యాగ్ జిప్ వేసే ఉంచి వరండాలో పెడితే సరిపోతుంది. రాత్రే చెప్పాల్సిన ఈ మాట చెప్పకపోవడం వల్ల ఆదివారం పొద్దు కూడా సగం పోయినవాళ్లున్నారు.

అద్దె లెన్స్ దగ్గర జరిగేది మాత్రం మోసమే. ‘150–600 మేమే ఇస్తాం’ అని, డిపాజిట్ తీసుకుని, తిరిగిచ్చేటప్పుడు పాత గీతను మీ ఖాతాలో రాస్తారు. చేతికి తీసుకోగానే సీరియల్ నంబరు కనిపించేలా చుట్టూ వీడియో తీయండి. వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు అద్దంలోంచి చూడండి, సాలెగూడులా సన్నటి పోగులు కనిపిస్తే ఫంగస్. మౌంట్ (కెమెరాకి తగిలించే చోటు) చుట్టూ స్క్రూలు అన్నీ ఉన్నాయా, ట్రైపాడ్ కాలర్ బిగుస్తోందా చూడండి. 600 దగ్గర ఏపర్చర్ పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న షాపు బోర్డుని ఫ్రేములో నాలుగు మూలలకూ తెచ్చి ఒక్కో ఫొటో తీయండి. ఒక మూల అక్షరాలు మాత్రమే అలుక్కుపోతే ఆ లెన్స్ ఎప్పుడో కిందపడింది. తీసుకోవద్దు. ఈ వీడియో వద్దని ఎవరైనా అంటే డిపాజిట్ ఎటు పోతుందో అర్థమైనట్టే.

డబ్బు విషయానికొద్దాం. ఫీజు మీద ‘జీఎస్టీ 18 శాతం అదనం’ అంటారు, బిల్లు అడిగితే పర్సనల్ ఫోన్‌పే నంబరు ఇస్తారు. జీఎస్టీ నంబరుకి 15 అక్షరాలుంటాయి. తెలంగాణది అయితే 36తో, ఆంధ్రప్రదేశ్‌ది అయితే 37తో మొదలవుతుంది. పోర్టల్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న నిర్వాహకుడు రిజిస్టర్ కాకపోవచ్చు, తప్పేమీ కాదు. కానీ రిజిస్టర్ కానివాడు జీఎస్టీ పేరుతో పైసా వసూలు చేయకూడదు. అభయారణ్యం ప్రవేశ రుసుం, కెమెరా ఫీజు ప్యాకేజీలో ఉన్నాయో లేదో కూడా ముందే అడగండి, గేటు దగ్గర జేబులు తడుముకోవాల్సి వస్తుంది.

ఫారంలో చిన్న అక్షరాలు చదవండి. ‘క్యాంపులో తీసిన ఫొటోలను నిర్వాహకులు వాడుకోవచ్చు’ అని ఉంటే గీత కొట్టి సంతకం చేయండి. ఫొటో తీసినవాళ్లదే కాపీరైట్, మీరు రాసిస్తేనే పోతుంది. ‘ఫొటోల రివ్యూ’ వాట్సాప్‌లో అంటే అది రివ్యూ కాదు. వాట్సాప్ ఫొటోని కుదించేస్తుంది, ఫోకస్ కంటి మీద పడిందో రెక్క మీద పడిందో అందులో తేలదు. లాప్‌టాప్ మీద నూరు శాతం పెద్దది చేసి, ఎక్కడ ఎందుకు తప్పిందో పక్కన కూర్చుని చెప్పాలి.

అడ్వాన్స్ కట్టేముందు ఈ మెసేజ్ పంపండి, జవాబు రాతలోనే తీసుకోండి: ‘చెరువు గట్టు మీద ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు ఉంటాం? ఎంతమందికి ఎంతమంది నేర్పేవాళ్లు? నేర్పేవాళ్లు తమ కెమెరా వాడతారా? పక్షులు లేకపోయినా, బ్యాచ్ నిండకపోయినా ఎంత తిరిగిస్తారు, ఎన్ని రోజుల్లో?’ ఫోన్ చేసి మాట్లాడదాం అంటే, మాట్లాడాక మీరే ‘ఇలా అనుకున్నాం కదా’ అని టైప్ చేసి పంపండి. ప్రకటన స్క్రీన్‌షాట్ ఆ రోజే తీసి పెట్టుకోండి, ట్రిప్ అయ్యాక అందులో ‘ఆరుగురికి ఒకరు’ అన్న లైను మాయమవుతుంది.

ఇప్పటికే కట్టి మోసపోయినవాళ్లు ‘నాన్ రిఫండబుల్’ అన్న ముక్క చూసి ఊరుకోవద్దు. చెప్పిన సేవ ఇవ్వకపోతే అది సేవాలోపం, ఆ ముక్క దాన్ని కప్పదు. ముందు 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, నిర్వాహకుడి ఊరికి పోనక్కర్లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. జతచేయాల్సినవి: ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు పంపిన రశీదు, మెసేజ్‌లు, ఇంకా మీ కెమెరాలోని ఫొటోలే. ప్రతి ఫైల్లో తీసిన టైం నమోదై ఉంటుంది. కెమెరా గడియారం సరిగ్గా ఉంటే, శనివారం మొదటి ఫొటో సాయంత్రం నాలుగింటిదని అదే చూపిస్తుంది.