ఫ్లోట్ వాడాక డబ్బా కూలిపోతే: ఓవర్‌ఫ్లో హిడెనా, క్లియర్‌ఫిక్సా?

వెబ్ పేజీ రూపాన్ని దిద్దే CSSలో, ఒక డబ్బా లోపలి బొమ్మలన్నింటికీ ఫ్లోట్ (ఎడమకో కుడికో జరిపే ఆదేశం) ఇవ్వగానే బయటి డబ్బా ఎత్తు సున్నా అయిపోతుంది, ఎందుకంటే ఫ్లోట్ అయినవాటి ఎత్తును మామూలు డబ్బా లెక్కలోకి తీసుకోదు. దీన్ని సరిచేయడానికి రెండు దారులు: డబ్బాకి ఓవర్‌ఫ్లో హిడెన్ (డబ్బా దాటిందాన్ని దాచే ఆదేశం) ఇవ్వడం, లేదా క్లియర్‌ఫిక్స్ (డబ్బా చివర్లో ఫ్లోట్‌ల కిందికి దిగే ఖాళీ భాగం) పెట్టడం.

శ్రమ: ఓవర్‌ఫ్లో హిడెన్ ఒక్క లైను. క్లియర్‌ఫిక్స్‌కి ఆఫ్టర్ అనే సూడో ఎలిమెంట్ (HTMLలో లేకుండా CSSతోనే పుట్టే భాగం) పెట్టి, ఖాళీ కంటెంట్, డిస్‌ప్లే బ్లాక్, క్లియర్ బోత్ రాయాలి. ఒకసారి క్లాస్‌గా రాసుకుంటే చాలు.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. హిడెన్ పెడితే డబ్బా దాటి బయటికొచ్చే డ్రాప్‌డౌన్ మెనూ, నీడ కత్తిరించినట్టు మాయమవుతాయి, కారణం దొరక్క గంటలు పోతాయి. క్లియర్‌ఫిక్స్ దేన్నీ కత్తిరించదు గానీ, పక్కన ఫ్లోట్ చేసిన సైడ్‌బార్ ఉంటే దాన్ని కూడా క్లియర్ చేసేసి, మన డబ్బాని సైడ్‌బార్ కింది అంచు దాకా సాగదీస్తుంది (నన్ను బాగా ఏడిపించింది ఇదే).

బయటికి పొడుచుకొచ్చేది ఏదీ లేని చిన్న డబ్బాకి హిడెన్ హాయిగా సరిపోతుంది. మెనూలుండి, పక్కన సైడ్‌బార్ లేకపోతే క్లియర్‌ఫిక్స్. రెండూ ఉంటే మాత్రం డిస్‌ప్లే ఫ్లో-రూట్ (దేన్నీ కత్తిరించకుండా, పక్క సైడ్‌బార్‌ని పట్టించుకోకుండా డబ్బాకి తన ఫ్లోట్‌ల ఎత్తునిచ్చేది) రాయండి: క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో 2017 నుంచి, సఫారీలో 2019 నుంచి పనిచేస్తోంది, కొత్త పేజీలకు నేను ముందు దీన్నే వాడతాను.