అగ్నివీర్‌లో జీడీయా, టెక్నికలా, క్లర్కా: ఏది మేలు?

ఉదయం గ్రౌండ్‌లో పరుగు అయిపోయి పిల్లలు బూట్లు విప్పుకుంటూ కూర్చున్నప్పుడు, ఆర్మీలో అగ్నివీర్ దరఖాస్తుకు ఏ కేటగిరీ మేలని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. "అన్నా, జీడీ పెట్టమంటావా, టెక్నికల్ పెట్టమంటావా?" జీడీ అంటే జనరల్ డ్యూటీ. నేను ఆర్మీలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో 17 ఏళ్లు పనిచేసి హవల్దారుగా ఇంటికొచ్చాను. ఇప్పుడు మా ఊరి పిల్లలకు పరుగు, బీమ్ (కడ్డీ పట్టుకుని పైకి లేవడం) నేర్పుతున్నాను. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పి పంపేయడానికి నాకు మనసొప్పదు. ఆ రోజు అప్లికేషన్‌లో ఏం నొక్కుతారన్న దాన్ని బట్టి వాళ్ల నాలుగేళ్లు ఎలా గడుస్తాయో, ఆ తర్వాత ఏ పని చేసుకుంటారో తేలిపోతుంది.

నా రోజుల్లో ట్రేడ్ అటూ ఇటూ అయినా సర్దుకుపోయేవాళ్లం. 15 ఏళ్లు నిండితే పెన్షన్ ఉండేది. 2022 జూన్‌లో అగ్నివీరులను తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక లెక్క మారింది. సర్వీసు నాలుగేళ్లే. బ్యాచ్‌లో 25 శాతం వరకే పర్మనెంట్‌గా తీసుకుంటారు. మిగతావాళ్లు 22, 23 ఏళ్ల వయసులో ట్రంకు పెట్టెతో మళ్లీ ఊళ్లో బస్సు దిగుతారు. వాళ్లకు పెన్షన్, గ్రాట్యుటీ ఉండవు. అందుకే ఏ కేటగిరీ అయినా నేను రెండు విషయాలే చూస్తాను. ఇప్పుడు మీ ఒళ్లు, మీ మార్కులు దేనికి సరిపోతాయి? ఆ బస్సు దిగిన రోజున మీ చేతిలో ఏ పని ఉంటుంది?

ముందు జీతం సంగతి తేల్చేద్దాం. టెక్నికల్ వాళ్లకు జీతం ఎక్కువని చాలా ఇళ్లలో అనుకుంటున్నారు. అది నిజం కాదు. అగ్నివీరులందరికీ ప్యాకేజీ ఒకటే. మొదటి ఏడాది నెలకు 30,000, అందులో చేతికొచ్చేది 21,000. నాలుగో ఏడాదికి అది 40,000 అవుతుంది, చేతికి 28,000 వస్తుంది. కోసిన 30 శాతం సేవానిధిలో జమవుతుంది. ప్రభుత్వం దానికి అంతే కలుపుతుంది. వడ్డీతో కలిపి చివర్లో దాదాపు 11.71 లక్షలు చేతికొస్తాయి. 48 లక్షల బీమా కూడా అందరికీ ఉంటుంది. కష్టమైన చోట పోస్టింగ్ పడితే వచ్చే అలవెన్సు ఆ చోటును బట్టే ఉంటుంది. కాబట్టి డబ్బు కోసం ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకోవాల్సిన పని లేదు.

ఇక జీడీ. టెన్త్‌లో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 ఉంటే చాలు. మన రెండు రాష్ట్రాల వాళ్లకు ఎత్తు 166 సెంటీమీటర్లు ఉండాలి. ఛాతీ 77, ఊపిరి పీలిస్తే మరో 5 పెరగాలి. జీడీ అనగానే పిల్లలకు బోర్డర్, రైఫిల్ గుర్తొస్తాయి. కాల్బలమైన ఇన్‌ఫాంట్రీకే పంపుతారని లేదు, ఫిరంగుల దళమైన ఆర్టిలరీకో ట్యాంకుల వైపో ఇంజనీర్లలోకో కూడా పంపవచ్చు. మన తెలుగు కుర్రాళ్లు తమిళనాడు వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంట్ సెంటర్‌లో కనిపిస్తారు, గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లోనూ కనిపిస్తారు. ఎవరెక్కడికన్నది ఆర్మీ తేలుస్తుంది.

జీడీకి పెట్టుబడి ఒళ్లే. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు. ఒక్క సెకను దాటితే 48. పది బీమ్‌లు తీస్తే 40. తొమ్మిదడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ దుంగ మీద నడవాలి. ఈ 5:30 గీత దగ్గర ఎంతమంది కుర్రాళ్లు ఆగిపోతారో నేను రోజూ చూస్తున్నాను. మొన్నటిదాకా ఒకబ్బాయి 5:38 దగ్గరే ఉండిపోయాడు. ఊపిరికి లోటు లేదు. మొదటి రౌండ్‌లోనే అందరికంటే ముందుండాలని పరిగెత్తేస్తాడు, మూడో రౌండ్‌కి వచ్చేసరికి భుజాలు చెవుల దాకా ఎక్కేస్తాయి. పిడికిళ్లు వదలమని, మొదటి 400 మీటర్లు 80 సెకన్ల కంటే తొందరగా రావద్దని చెప్పాను. నెల తిరిగేసరికి 5:26కి వచ్చాడు. ఇలాంటి ఒళ్లున్న పిల్లాడికి జీడీ సహజంగా కుదురుతుంది.

నాలుగేళ్లలో జీడీ ఇచ్చేది తక్కువేం కాదు. ఆయుధం మీద పట్టు వస్తుంది, నిద్ర లేకుండా నిలబడే ఓపిక వస్తుంది. రాత్రి రెండు గంటలకు సంత్రీ డ్యూటీలో ఒక్కడే నిలబడి, పక్కన పడుకున్నవాళ్ల ప్రాణం తన కళ్ల మీదే ఉందని తెలిసిన కుర్రాడు మనిషిగా మారిపోతాడు. అయితే బయటికొచ్చాక ఆ నేర్పు ఎక్కువగా ఇంకో యూనిఫాం వైపే దారి చూపిస్తుంది. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాలు, అస్సాం రైఫిల్స్‌లో మాజీ అగ్నివీరులకు 10 శాతం రిజర్వేషన్ ఇస్తామని 2022లోనే కేంద్రం ప్రకటించింది. వయసులో మూడేళ్లు, మొదటి బ్యాచ్‌కి అయిదేళ్లు సడలింపు కూడా చెప్పింది. పోలీసు కొలువే మీ కల అయితే జీడీ ఆ కలకు దగ్గరి దారి. "నాలుగేళ్లు చేసి వచ్చి షోరూమ్‌లోనో ఫ్యాక్టరీలోనో సెటిల్ అవుతాను" అనుకునేవాడికి మాత్రం జీడీ నేర్పిన పని అక్కడ నేరుగా ఉపయోగపడదు. ఈ మాట పిల్లలకు ముందే చెప్పాలి.

టెక్నికల్‌కి ఇంటర్ ఎంపీసీ కావాలి. మొత్తం మీద 50 శాతం, ఇంగ్లీషు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఒక్కోదాంట్లో 40 ఉండాలి. టెన్త్ తర్వాత ఐటీఐ గానీ డిప్లొమా గానీ చేసినవాళ్లకూ దారి ఉంది, ట్రేడ్ నోటిఫికేషన్‌లోని జాబితాలో ఉంటే సరి. వాళ్లకు బోనస్ మార్కులు కూడా ఉంటాయి. ఎత్తు 165 చాలు. ఎంపికైతే సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్, జబల్‌పూర్‌లోని సిగ్నల్స్ ట్రైనింగ్ సెంటర్ లాంటి చోట్లకు వెళ్తారు.

టెక్నికల్ అంటే ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవడం అనుకుని పిల్లల్ని తోసే తల్లిదండ్రులు ఉన్నారు. నేను చేసిన పని చెప్తాను. మంచు కొండల్లో ఒక పోస్ట్. తెల్లవారుజామున నాలుగింటికి బండి స్టార్ట్ కావడం లేదని కబురొచ్చింది. చలికి డీజిల్ మైనంలా చిక్కబడి ఫిల్టర్‌కి అడ్డం పడింది. చేతి తొడుగులతో నట్టు పట్టు దొరకదు. తొడుగు తీస్తే వేళ్ల చర్మం ఇనుముకు అతుక్కుంటుంది. ఒకడు టార్చ్ పట్టుకున్నాడు, ఇద్దరం వంతులేసుకుని ఒక్కో నిమిషం చేతులు బయటపెట్టి పని చేశాం. ఆ బండి కదిలితే తప్ప పైనున్నవాళ్లకు రేషన్ అందదు. ఇంజన్ దగ్గడం మొదలుపెట్టి, తర్వాత నిలకడగా తిరిగిన ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. టెక్నికల్ ఉద్యోగమంటే నాకు అదే. పరేడ్, ఫైరింగ్, గార్డ్ డ్యూటీ వీళ్లకూ తప్పవు.

ఇందులో ఉన్న తక్కువలూ చెప్పాలి. ఏ పని నేర్పుతారన్నది మీ చేతిలో ఉండదు. ఇంజన్ కోరుకున్నవాడికి రేడియో సెట్ రావచ్చు. బేసిక్, అడ్వాన్స్‌డ్ కలిపి ట్రైనింగ్ 31 వారాలే. మిగిలిన కాలంలో ఎవరూ ఆరితేరిన మెకానిక్ అయిపోరు. పనివాడు కావడానికి పునాది పడుతుంది, అంతే. అయినా ఆ పునాది బయట పనికొస్తుంది. జనరేటర్, డీజిల్ ఇంజన్, వెల్డింగ్, వైరింగ్ వచ్చినవాడు ఏ ఊళ్లో బస్సు దిగినా పని వెతుక్కోగలడు. దానికి తోడు సర్వీసు చివర్లో స్కిల్ సర్టిఫికెట్ ఇస్తారు.

కాబట్టి నా తీర్పు ఇది. ఎంపీసీ చదివి, మార్కులు సరిపోయి, స్క్రూడ్రైవర్ పట్టుకుంటే సంబరపడే పిల్లాడు టెక్నికల్ మొదట, జీడీ రెండోది పెట్టాలి. 2025 నుంచి ఒకే అభ్యర్థి రెండు కేటగిరీలకు దరఖాస్తు చేసుకునే వీలు వచ్చింది, అది వాడుకోండి. ఎంపీసీ అయినా పుస్తకం తెరిస్తే నిద్రపోతూ, గ్రౌండ్‌లో మాత్రం చిరుతలా ఉండే పిల్లాడైతే జీడీని మొదట పెట్టాలి. టెక్నికల్ పరీక్షలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ అడుగుతారు, అక్కడ కాళ్ల బలం ఉపయోగపడదు. అమ్మ భయపడుతోందని టెక్నికల్ పెట్టకండి. నేను చెప్పిన ఆ మంచు పోస్ట్‌లో జీడీ వాడూ నేనూ ఒకే గుడారంలో పడుకున్నాం.

క్లర్క్, స్టోర్ కీపర్ టెక్నికల్ కేటగిరీని ఇప్పుడు ఆఫీస్ అసిస్టెంట్, ఎస్‌కేటీ అంటున్నారు. మన పిల్లలు దీన్ని పట్టించుకోకపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఇంటర్ ఏ గ్రూపైనా సరే, మొత్తం 60 శాతం, ప్రతి సబ్జెక్టులో 50 ఉండాలి. ఇంగ్లీషులో, మ్యాథ్స్ లేదా అకౌంట్స్‌లో ఆ 50 తప్పనిసరి. ఎత్తు 162 సరిపోతుంది. ఒక సీఈసీ పిల్లాడు 163 ఉండేవాడు. ఇంటర్‌లో మంచి మార్కులు. ఎవరూ చెప్పక జీడీ పెట్టాడు. రాత పరీక్ష నెగ్గి ర్యాలీకి, అంటే కొలతలు, పరుగు పెట్టే భర్తీ మైదానానికి పోతే కొలిచే కర్ర దగ్గరే వెనక్కి పంపేశారు. గేటు బయట కూర్చుని ఏడ్చాడు. క్లర్క్ పెట్టి ఉంటే ఆ కర్ర కింద దర్జాగా నిలబడేవాడు.

ఆ పని చిన్నదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జవానుకు పెళ్లయినా, బిడ్డ పుట్టినా పార్ట్ టూ ఆర్డర్ అని ఒకటి వేయాలి. క్లర్క్ అది వేస్తేనే భార్యాబిడ్డల పేర్లు రికార్డులోకి ఎక్కుతాయి. రేపు ఆ జవానుకు ఏదైనా అయితే ఆ ఒక్క కాగితమే ఆ ఇంటికి ఆధారం. స్టోర్ కీపర్ లెడ్జర్‌లో ఒక అంకె తప్పు రాస్తే ఎక్కడో వర్క్‌షాప్‌లో విడిభాగం లేక బండి ఆగిపోతుంది. ఎంపికలో టైపింగ్ టెస్ట్ కూడా ఉంటుంది కాబట్టి ఇప్పటి నుంచే రోజూ అరగంట కీబోర్డ్ మీద కూర్చోండి. కామర్స్ పిల్లలకు నా ఓటు దీనికే. గోడౌన్లు, లెక్కలు, ఆఫీసు పని బయట ఎప్పుడూ ఉంటాయి.

ట్రేడ్స్‌మెన్‌లో వంట, టైలరింగ్, క్షౌరం, దోబీ లాంటివి టెన్త్ పాసైనవాళ్లకు, హౌస్ కీపర్, మెస్ కీపర్ ఎనిమిదో తరగతి వాళ్లకు ఉంటాయి. ఎత్తు 166. వీళ్లలో వంటవాడికి బయట మంచి గిరాకీ ఉంది. టెన్త్‌లో 45 శాతం ఉన్నవాడు మాత్రం ముందు జీడీ ప్రయత్నించాలనే చెప్తాను. ఎంపీసీ పిల్లలు నేవీ ఎస్‌ఎస్‌ఆర్ (ఇంటర్ చదివినవాళ్ల భర్తీ), ఎయిర్‌ఫోర్స్ అగ్నివీర్ వాయు పరీక్షలు కూడా రాయాలి. అవి వేరే నోటిఫికేషన్లు, వేరే పరీక్షలు. ఆడపిల్లలకు ఆర్మీలో మిలిటరీ పోలీస్ జీడీ ఉంది, దానికీ పరుగు, చదువు రెండూ కావాలి.

ఏ కేటగిరీ అయినా, 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, ఆ తర్వాతే ర్యాలీ. అయినా చాలామంది పిల్లలు పాత పద్ధతిలోనే ఆరు నెలలు పరిగెత్తి, పుస్తకం మాత్రం చివరి పది రోజులు పట్టుకుంటున్నారు. గ్రౌండ్ దాకా రాకుండానే ఆగిపోతున్నారు. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు, గుడ్డిగా గుర్తులు పెట్టొద్దు. ఉదయం గంటన్నర గ్రౌండ్, సాయంత్రం మూడు గంటలు చదువు అని నేను పెట్టిన లెక్కకు కట్టుబడినవాళ్లే ఎక్కువమంది ర్యాలీ దాకా వచ్చారు.

మెడికల్‌లో ఏం చూస్తారో కూడా ఇప్పుడే ఇంట్లో చూసుకోండి. తడి పాదంతో సిమెంటు గచ్చు మీద నిలబడి దిగండి. మధ్యలో వంపు లేకుండా పాదం మొత్తం అచ్చు పడితే డాక్టర్‌కి చూపించాలి. మడమలు కలిపి నిలబడితే మోకాళ్లు ముందే గుద్దుకుంటున్నాయా చూడండి. చెవుల్లో గులిమి తీయించుకోండి. రంగుల చార్ట్ ఒకసారి కంటి డాక్టర్ దగ్గర చదవండి. పచ్చబొట్టు మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు, అరచేయి వెనక వైపు తప్ప ఇంకెక్కడున్నా ఇబ్బందే. ఇవి ముందే తెలిస్తే కొన్నింటికి వైద్యం ఉంది. ర్యాలీ రోజు తెలిస్తే ఆ ఏడాది పోయినట్టే.

ఒక కోచింగ్ సెంటర్ వాడు మా పక్క ఊరి తండ్రి దగ్గర "జీడీ నుంచి టెక్నికల్‌కి మార్పిస్తా" అని రెండు లక్షలు తీసుకున్నాడు. అలాంటి మార్పిడి ఎవరి చేతిలోనూ లేదు. ఆ తండ్రి ఎకరం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు అది. ఎవరైనా డబ్బు మాట ఎత్తితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. సందేహం ఉంటే నేరుగా మీ జిల్లా కిందికొచ్చే రిక్రూటింగ్ ఆఫీసుకే వెళ్లండి. మనకు గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్‌లలో ఉన్నాయి.

కేటగిరీ తేల్చుకున్నాక చేయాల్సిన మొదటి పని ఈ రాత్రికే చేయొచ్చు. టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి మీ పేరు, నాన్న పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి. ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటే రేపే మీ సేవకు వెళ్లి ఆధార్‌లో దిద్దించుకోండి. నోటిఫికేషన్ పడ్డాక అక్కడ లైన్ వీధి చివరిదాకా ఉంటుంది.