గుర్రానికి రగ్గు: మందమా, కోతా, అసలు వద్దా?

రగ్గు ఎంచేటప్పుడు చాలామంది మొదట అడిగేది లోపలి పాలిస్టర్ దూది బరువు. చదరపు మీటరుకు 100 గ్రాములా, 300 గ్రాములా? వెచ్చదనానికి ఆ లెక్క చాలు. నడక సంగతి వచ్చేసరికి నేను ముందు చూసేది భుజం దగ్గర కోత, అంటే బట్టను కత్తిరించి కుట్టిన తీరు.

మనకు మెడ కింద భుజానికీ రొమ్ముకూ మధ్య ఉండే కాలర్ ఎముక గుర్రానికి లేదు. ముందుకాళ్లను మొండేనికి పట్టి ఉంచేవి కండరాలే. కాలు ముందుకు సాగినప్పుడు భుజపు ఎముక పైకొన వెనక్కి జారుతుంది, కింది కొన ముందుకు పొడుచుకొస్తుంది. రగ్గు ఒరుసుకునేదీ అక్కడే: పైన మూపు (మెడ వీపుతో కలిసే ఎత్తైన చోటు) దగ్గర, ముందు రొమ్ము దగ్గర. బిగుతైన రగ్గు వేసుకున్న గుర్రం అడుగడుగునా బట్టను నెట్టుకుంటూ పోవాలి. అలాంటప్పుడు అంగ కురచ కావడంలో వింతేముంది? భుజం దగ్గర అదనపు ముక్క కలిపి కుట్టిన మందపు రగ్గు, ఆ ముక్క లేని పలుచటి రగ్గు కంటే నయమని అందుకే అంటాను.

వదులుగా ఉంటే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. పెద్ద రగ్గు వెనక్కి జారి, మెడ అంచు మూపు దాటి భుజాల మీదకు దిగుతుంది. బిగుతు రగ్గు చేసే చెరుపే ఇదీ చేస్తుంది.

మెడ దాకా కప్పే రకం వానలో మేలే. అయితే మేసే గుర్రం గంటల తరబడి తల వంచే ఉంటుంది, ఆ లాగుడంతా మూపు మీద పడుతుంది. కావాలంటే విప్పేయగలిగే మెడకప్పు ఉన్నదే తీసుకోండి. ఒకదానిపై ఒకటి రెండు పలుచటి రగ్గులు శాలలో పరవాలేదు. బయట తిరిగే గుర్రానికి అవి జారి ముడతలు పడతాయి కాబట్టి, అక్కడ ఒక్కటే మేలు. రగ్గు పైబట్టకు చెప్పే 1200 డెనియర్ అంటే ఎక్కువ వెచ్చన అనుకునేవారూ ఉన్నారు. అది పోగు మందం, చిరగకుండా ఉండటానికి.

ఇక రగ్గే లేకపోతే? ఒళ్లు నిండా శీతాకాలపు బొచ్చు పెరిగి, గడ్డి దండిగా దొరికి, గాలివానకు చాటు ఉంటే ఆరోగ్యమైన గుర్రం సున్నా కంటే తక్కువ చలిని కూడా తట్టుకుంటుంది. నిక్కబొడుచుకున్న వెంట్రుకల మధ్య నిలిచే గాలే దానికి కంబళి. రగ్గు ఆ వెంట్రుకలను అణిచేస్తుంది. ఇలాంటి గుర్రానికి నా ఓటు ఖాళీ వీపుకే. బొచ్చు కత్తిరించినవి, ముసలివి, బక్కచిక్కినవి, జబ్బు పడినవి వేరు. వాటికి రగ్గు తప్పదు.

కొనేముందు రగ్గు కప్పి, గుర్రం చేత తల దించి గడ్డి తినిపించండి. మూపు దగ్గర మీ అరచెయ్యి సులువుగా దూరాలి. తర్వాత ఒకే నేల మీద రగ్గుతోనూ, లేకుండానూ నడిపించి పక్కనుంచి ఫోనులో తీయండి. ఇప్పటికే వాడుతున్నదైతే భుజాలు చూడండి. అక్కడ వెంట్రుకలు అరిగిపోయినా, మూపు మీద తెల్ల వెంట్రుకలు మొలిచినా ఆ రగ్గు మార్చాల్సిందే.