అచిసన్, నాడవే, వర్త్: మిస్సోరీ వాయవ్య మూలలో ఏ కౌంటీ మేలు?

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర పటంలో వాయవ్య మూలను చూస్తే, అయోవా సరిహద్దును ఆనుకొని మూడు కౌంటీలు పడమర నుంచి తూర్పుకు వరుసగా కనిపిస్తాయి. పడమట మిస్సోరీ నది ఒడ్డున అచిసన్, నడుమ విశాలంగా పరచుకొన్న నాడవే, తూర్పున అతి చిన్నదైన వర్త్. మేరీవిల్‌లోని నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీకి మాస్టర్స్ చదవడానికి తెలుగు విద్యార్థులు చెప్పుకోదగ్గ సంఖ్యలో వెళ్తున్నందువల్ల నాడవే కౌంటీ గురించి మన ఇళ్లలో కొందరికైనా తెలుసు. పక్కనున్న రెండింటి సంగతి అక్కడ చదువుకొన్నవారు కూడా పెద్దగా పట్టించుకోరు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గాని ఒక విచిత్రం బయటపడదు: నేల బాగున్న చోట జనం నిలవలేదు, జనం నిలిచిన చోట ఆ నిలకడకు కారణం నేల కాదు.

నేల విషయంలో మొదటి స్థానం అచిసన్‌దే. హిమానీనదాల కాలం ముగిసే దశలో మిస్సోరీ నది పరీవాహకంలో ఎండిన సన్నని ఒండ్రును గాలి ఎత్తి తూర్పు గట్టున పోసింది. లోయస్ అనే ఆ మట్టి నది పక్కన గుట్టలుగా పేరుకుపోయింది, తూర్పుకు పోయేకొద్దీ పలచబడింది. అందుకే అచిసన్‌లో మొక్కజొన్నకు, సోయాకు అనువైన లోతైన నేలలు ఎక్కువగా ఉంటే, వర్త్‌కు వచ్చేసరికి గ్రాండ్ నది పాయల మధ్య ఎగుడుదిగుడు భూములు, పచ్చిక బీళ్లు, పశువుల మందలు ఎక్కువవుతాయి. ఆ గుట్టల మీద వీచే గాలి కూడా అచిసన్‌కు ఆస్తే అయింది. కౌంటీ కేంద్రమైన రాక్ పోర్ట్ 2008లో నాలుగు గాలిమరలతో తన ఏడాది వాడకానికి సరిపడా కరెంటును ఉత్పత్తి చేసుకొన్న పట్టణంగా పేరు తెచ్చుకొంది. వాయవ్యం వాయుదేవుడి దిక్కు అని మన పెద్దలు చెప్పే మాట అక్కడ అక్షరాలా నిజమైంది. పైగా కాన్సాస్ సిటీని, ఒమాహాను కలిపే ఇంటర్‌స్టేట్ 29 ఈ కౌంటీ గుండానే పోతుంది.

అయితే నది ఇచ్చినదాన్ని నదే అప్పుడప్పుడు వెనక్కి తీసుకొంటుంది. 2019 వరదల్లో కరకట్టలు తెగి పల్లపు పొలాలు నెలల తరబడి నీటిలో ఉన్నాయి, ఇంటర్‌స్టేట్ కూడా మూతబడింది. ఆ తరువాత అక్కడ తెగిన కరకట్టను ఉన్నచోటే తిరిగి కట్టకుండా, కొన్ని మైళ్ల మేర నదికి దూరంగా జరిపి కట్టి, వెయ్యి ఎకరాలకు పైగా భూమిని నదికే వదిలిపెట్టారు. రైతు చేత భూమి వదిలించడం ఎంత కష్టమో తెలిసినవారికి ఇది చిన్న నిర్ణయంగా తోచదు.

వర్త్ గురించి చెప్పవలసింది తక్కువే. 1861లో ఏర్పడిన ఈ కౌంటీ విస్తీర్ణం సుమారు 267 చదరపు మైళ్లు. మిస్సోరీలో వైశాల్యంలోనూ జనాభాలోనూ అన్నిటికంటే చిన్నది ఇదే. డల్లాస్ వైపు ఉండే మనవారు రోజూ పలికే ఫోర్ట్ వర్త్‌కు ఏ జనరల్ పేరు పెట్టారో, దీనికీ ఆయన పేరే పెట్టారు.

ఇక జనాభా. మూడు కౌంటీలూ శిఖరానికి చేరింది 1900 జనగణనలోనే. అప్పుడు నాడవేలో 32,938 మంది, అచిసన్‌లో 16,501 మంది, వర్త్‌లో 9,832 మంది ఉండగా, 2020లో ఆ సంఖ్యలు వరుసగా 21,241, 5,305, 1,973. అంటే నాడవేలో పాత జనాభాలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ మిగిలింది, అచిసన్‌లో మూడో వంతు కూడా మిగల్లేదు, వర్త్‌లో అయిదో వంతు మాత్రమే ఉంది.

ఈ తగ్గుదల ఎలా జరిగిందో అక్కడి రోడ్లే చెబుతాయి. ఆ ప్రాంతమంతటినీ ఒక్కొక్కటి చదరపు మైలు ఉండే గళ్లుగా సర్వే చేశారు. గడికి 640 ఎకరాలు, గళ్ల అంచుల వెంట కంకర రోడ్లు. గడిలో నాలుగో వంతు, అంటే 160 ఎకరాలు, ఒకప్పుడు ఒక కుటుంబానికి చాలిన కమతం. ఆ లెక్కన గడికి నాలుగు ఇళ్లు, ఇంటికి అయిదారుగురు. ట్రాక్టర్లు, కోత యంత్రాలు పెద్దవయ్యేకొద్దీ ఒకే కుటుంబం కొన్ని గళ్లను సాగు చేయగలుగుతోంది. వర్త్‌లో ఇప్పుడు చదరపు మైలుకు సగటున ఏడుగురు, అంటే గడికి రెండు మూడు ఇళ్లు. అదీ కౌంటీ కేంద్రమైన గ్రాంట్ సిటీ జనాన్ని కూడా కలుపుకొంటేనే. నేల ఎంత మంచిదైతే యంత్రానికి అంత అనువు, చేతులతో పని అంత తక్కువ. మంచి నేల అచిసన్ జనాన్ని నిలపలేకపోవడానికి ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం.

నాడవేను నిలిపినది 1905లో మేరీవిల్‌కు దక్కిన ఉపాధ్యాయ శిక్షణ కళాశాల. నేటి యూనివర్సిటీకి అదే మొదలు. 1960లో కూడా కౌంటీ జనాభా సుమారు 22 వేలు, అంటే అరవై ఏళ్లలో పెద్ద మార్పు లేదు. అదే కాలంలో అచిసన్ తొమ్మిది వేల చిల్లర నుంచి, వర్త్ నాలుగు వేల దగ్గర నుంచి జారిపోయాయి. అచిసన్‌కు కళాశాల లేకపోలేదు. టార్కియోలో 1883లో మొదలైన కళాశాల 1992లో మూతబడింది. ఆ రెండు పట్టణాల మధ్య దూరం ఎక్కువేమీ కాదు గాని, రాష్ట్ర ప్రభుత్వం నిధులిచ్చే సంస్థకూ ప్రైవేటు సంస్థకూ మధ్య ఉన్న దూరం చాలా ఎక్కువ. మేరీవిల్‌కు కవాసాకీ ఇంజిన్ల కర్మాగారం, ఆసుపత్రి, మోజింగో జలాశయం కూడా ఉన్నాయి.

అయినా నాడవేకు పూర్తి మార్కులు వేయలేము. 21,241లో మేరీవిల్ వాటా 10,633. దాన్ని తీసివేస్తే మిగిలిన సుమారు 870 చదరపు మైళ్లలో మైలుకు పన్నెండు మంది మాత్రమే తేలుతారు. అచిసన్ సగటు పది. అంటే మేరీవిల్ పొలిమేర దాటితే నాడవే కూడా మరో అచిసనే. పైగా 2010 నుంచి 2020 వరకు నాడవే, వర్త్ రెండూ తొమ్మిది శాతం చొప్పున తగ్గగా, అచిసన్ ఏడు శాతం లోపే తగ్గింది. జనగణనలో విద్యార్థిని, విదేశీ విద్యార్థితో సహా, చదువుకొనే ఊరిలోనే లెక్కించాలి. కాని లెక్కకు ప్రాతిపదికైన 2020 ఏప్రిల్ 1 నాటికి కోవిడ్ వల్ల తరగతులు ఆన్‌లైన్‌కు మారిపోయాయి. కళాశాల ఊరి అంకెలను చదివేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

బడికి వెళ్లే పిల్లలతో అక్కడ స్థిరపడదలచిన కుటుంబానికి నేను నాడవేనే చెబుతాను. అదీ మేరీవిల్‌లో, లేదా దానికి పది పదిహేను మైళ్ల లోపు. భూమి కొని సాగు చేయదలచినవారికి అచిసన్ మేలు, కాని పల్లపు పొలం కాకుండా మెరక భూమి చూసుకోవాలి. అక్కడి హైస్కూళ్లలో పదకొండు మందికి బదులు ఎనిమిది మందితో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతారు, టార్కియో, ఫెయిర్‌ఫాక్స్ బడులు కలిసి ఒకే జట్టును దింపుతాయి. పిల్లల కొరత ఎంతవరకు వచ్చిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

వర్త్‌ను మాత్రం ఎవరికీ సులువుగా సూచించలేను. జనం ఎంత తగ్గినా కౌంటీకి కమిషనర్లు, షెరిఫ్, క్లర్క్, పన్ను వసూలు అధికారి ఉండవలసిందే, వంతెనలు బాగుచేయవలసిందే. గ్రాంట్ సిటీ నడిబొడ్డున పంతొమ్మిదో శతాబ్దం చివరలో, దాదాపు పదివేల మంది కోసం కట్టిన కోర్టు భవనం ఇప్పటికీ నిలిచే ఉంది. దాని కప్పు మరమ్మతు ఖర్చును ఇప్పుడు రెండు వేల మంది కూడా లేని కౌంటీ పంచుకోవాలి.